మీకు తెలుసా? హెలికాప్టరు తోకకి అగరుబత్తి పుల్ల కట్టు

రిమోట్‌తో ఎగిరే బుల్లి హెలికాప్టరు కిందపడితే ముందు పోయేవి పైన తిరిగే రెక్కలే అనుకుంటాం. నేను చూసినంతలో ఎక్కువసార్లు పోయేది తోక. ఒంటి నుంచి వెనక్కి సన్నగా సాగిన గొట్టం, దాని కొసన శనగగింజంత మోటారు, ఆ మోటారుకి వెళ్ళే వెంట్రుకల్లాంటి తీగలు. పడ్డప్పుడు ఒళ్ళు నేలకి ఆని ఆగిపోతుంది. తోక కొసనున్న మోటారు మాత్రం వచ్చిన ఊపులో ఇంకా పోబోతుంది. ఆ ఊపంతా గొట్టం ఒంట్లోకి దూరే చోట వచ్చి పడుతుంది. అక్కడే పటుక్కుమంటుంది.

మా మేనల్లుడి హెలికాప్టరు విజయవాడ భవానీపురం దగ్గర కృష్ణ ఇసకలో అలాగే పడింది. వాడు తోకని ఒక చేతిలో, మిగతాది ఇంకో చేతిలో పట్టుకుని వచ్చి, "మావయ్యా, ఇది అతుకుతుందా?" అన్నాడు. గొట్టం లోపల బోలు. తీగలు దాని పక్కనుంచి వెళ్తున్నాయి కాబట్టి లోపల చోటుంది. ఆ బోలులోకి బిగువుగా దూరే పుల్ల కోసం ఇల్లంతా వెతికితే దేవుడి గూట్లో దొరికింది. అగరుబత్తి కాలిపోయాక కింద మిగిలే ఎర్రరంగు వెదురు పుల్ల! విరిగిన చోటికి అటు రెండు సెంటీమీటర్లు, ఇటు రెండు సెంటీమీటర్లు దూరేలా కోశాం. ఒక బొట్టు జిగురు పెట్టి రెండు ముక్కల్నీ ఎదురెదురుగా నెట్టాం. అతుకు మీద పాలిస్టర్ కుట్టుదారాన్ని చుట్టు పక్కన చుట్టు ఆనేలా చుట్టి, దాని మీద ఫెవిక్విక్ రెండు చుక్కలు వేశాం. దారం దాన్ని ఒత్తిలా పీల్చుకుంది. నిమిషం తిరక్కుండా అక్కడ గోరు దిగనంత గట్టి పట్టీ తయారైంది.

విరిగిన ఎముకకి పుత్తూరు కట్టు కట్టేవాళ్ళు వెదురు బద్దలు పెట్టి గుడ్డ చుడతారు కదా, ఇదీ అదే తీరు. కాకపోతే ఇక్కడ బద్ద లోపలికి వెళ్ళింది.

సైకిలు పుల్ల ఎందుకు వద్దు?

ఈ మాట చెప్పగానే చాలామంది "వెదురెందుకు, సైకిలు చక్రం పుల్ల ముక్క పెడితే జన్మలో విరగదు కదా" అంటారు. విరగదు, నిజమే. హెలికాప్టరు తేలిగ్గా లేవదు కూడా. లెక్క చూడండి. రెండు మిల్లీమీటర్ల మందం, అయిదు సెంటీమీటర్ల పొడవున్న ఉక్కు పుల్ల దాదాపు 1.2 గ్రాములు తూగుతుంది. అంతే కొలతలున్న వెదురు పుల్ల గ్రాములో పదో వంతు. ఒక గ్రాము తేడా ఏపాటిది అనిపించొచ్చు. ఆ గ్రాము ఎక్కడ చేరిందన్నదే అసలు సంగతి. నడిమి కడ్డీకి 15 సెంటీమీటర్ల వెనక తోక కొసన ఒక్క గ్రాము చేరితే, దాన్ని సరితూచడానికి కడ్డీకి 3 సెంటీమీటర్ల ముందు ముక్కులో 5 గ్రాములు పెట్టాలి. కావడి మోసినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. మొత్తం నలభై యాభై గ్రాములుండే యంత్రానికి ఆరు గ్రాములు అదనమంటే, మనిషి మూట నెత్తినెత్తుకుని పరుగెత్తడమే.

అందుకే ఈ పనిలో తోక కొస దగ్గర గట్టిపరచాలంటే నేను చాలా జంకుతాను. గొట్టం ఒంట్లోకి దూరే మొదట్లో అయితే ధైర్యంగా పుల్ల పెడతాను. బలం కావాల్సిందీ అక్కడే, బరువు నొప్పించనిదీ అక్కడే.

బోలుగా ఉంటే బలం తగ్గుతుందా?

తగ్గుతుంది, కానీ బరువు తగ్గినంతగా కాదు. నాలుగు మిల్లీమీటర్ల గట్టి కడ్డీ ఒకటి తీసుకోండి. దాని నడిమధ్యన మూడు మిల్లీమీటర్ల మేర తొలిచేసి గొట్టంగా మార్చారనుకోండి. బరువులో సగానికి పైగా పోతుంది, నూటికి 44 వంతులే మిగులుతుంది. వంగకుండా నిలిచే శక్తి మాత్రం నూటికి 68 వంతులు మిగులుతుంది. వంగేటప్పుడు శ్రమపడేది పైపొర, నడిమి పదార్థం చేసే పని తక్కువ. వెదురుకి ఈ రహస్యం ఎప్పటి నుంచో తెలుసు. వరి దుబ్బుకీ తెలుసు.

మన చేలమీద మందు చల్లే డ్రోన్ల చేతులు చూడండి, నల్లటి కార్బన్ గొట్టాలు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడని ముంచినప్పుడు నీళ్ళలో చిక్కుకున్న ఇళ్ళ మీదికి ఆహారం, మందులు మోసుకెళ్ళినవీ డ్రోన్లే. ఆ తర్వాత నెలన్నరకి, అక్టోబరు 22 రాత్రి పున్నమి ఘాట్ మీద 5,500 డ్రోన్లు ఒకేసారి లేచి బొమ్మలు గీశాయి. నగరమంతా మెడలెత్తి చూసింది. నా మనసులో మాత్రం ఆ రెండూ ఒకచోటే ఉండిపోయాయి. అంత బరువుతో అన్నం పొట్లాలు మోసినవాటికీ, మా పిల్లాడి బొమ్మకీ చేయి నిలబెట్టే సూత్రం ఒకటే.

కొండపల్లి మక్కు, మన వంట సోడా

విజయవాడకి దాదాపు ఇరవై కిలోమీటర్ల దూరాన కొండపల్లి. అక్కడ బొమ్మలకి వాడే తెల్ల పొణికి చెక్క చేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. అంత తేలికైన, అంత మెత్తని చెక్కతో తాటిచెట్టెక్కే గీత కార్మికుణ్ణి చేస్తారు, తొండమెత్తిన ఏనుగుని చేస్తారు. చేయి, కాలు, తొండం, తోక ఇవన్నీ ఒకే మొద్దులో చెక్కరు. ఆరబెట్టి, కాచి, తేమ తీసేసిన చెక్కలో విడివిడిగా చెక్కి అతుకుతారు. దీనిలో ఉన్న తెలివి నాకు హెలికాప్టరు బాగుచేస్తున్నప్పుడు అర్థమైంది. చాచిన చేతిని మొద్దులోనే చెక్కితే చెక్క నార ఆ చేతికి అడ్డంగా పడుతుంది, తట్టగానే విరుగుతుంది. విడిగా చెక్కితే నారని చేతి పొడవునా పెట్టుకోవచ్చు.

ఇక అతుకు. చింతగింజల పిండితో కాచిన జిగురులో రంపపు పొట్టు కలిపి ముద్ద చేస్తారు. దాన్ని మక్కు అంటారు. ఆ మక్కుతో అతుకు చుట్టూ ఉన్న మూలని నింపి నున్నగా తీరుస్తారు. చూడటానికి అందం కోసమే అనిపిస్తుంది. అందం మాత్రమే కాదు. రెండు ముక్కలు పదునైన మూలగా కలిసే చోట వంచే బలమంతా ఆ గీత మీదే గుమిగూడుతుంది. మూలని గుండ్రంగా పూడిస్తే అది పరుచుకుపోతుంది.

ఫెవిక్విక్ లాంటి జిగురు ఒక్కటే వేస్తే మూల నిండదు, నీళ్ళలా జారిపోతుంది. దాని మీద చిటికెడు వంట సోడా చల్లండి. చిటికెలో బిగుసుకుని తెల్లటి రాయిలా అవుతుంది. సోడా అక్కడ రెండు పనులు చేస్తుంది. జిగురుని తొందరపెట్టి గట్టిపరుస్తుంది, రంపపు పొట్టులా సందు నింపుతుంది. తోక మోటారు కూర్చునే గూడు పగిలినా, స్టాండు కాళ్ళు ఒంటికి అతికే మూల కదిలినా నేను ముందు చేసేది ఇదే. చేస్తున్నప్పుడల్లా కొండపల్లి గుర్తొస్తుంది. వందల ఏళ్ళుగా ఆ వీధుల్లో చేతులకి తెలిసిన పని ఇది. దాన్ని బొమ్మల అంగట్లో అలంకారంగా చూసి వచ్చేస్తున్నాం.

దారం మీద పొగ

ఇది తప్పకుండా తెలియాలి. అతుకు చుట్టడానికి నూలు దారం వాడకండి. పాలిస్టరో నైలానో వాడండి. నూలు మీద ఈ జిగురు పడితే ఒక్కసారిగా బిగుసుకుంటూ వేడెక్కుతుంది. కొంచెమైతే సన్నటి పొగ, ఎక్కువైతే చర్మం కాలేంత వేడి. ఒలికిన జిగురుని నూలు గుడ్డతోనో దూదితోనో తుడవబోవడం మరీ ప్రమాదం. పిల్లలు పక్కనుంటే చెప్పి ఉంచాలి.

ఈ జిగురు పుట్టుక కూడా చిత్రమే. 1942లో హ్యారీ కూవర్ అనే అమెరికా రసాయన శాస్త్రవేత్త తుపాకులకి గురి చూసే పారదర్శకమైన ప్లాస్టిక్ కోసం వెతుకుతుంటే ఇది చేతికొచ్చింది. ముట్టుకున్నదానికల్లా అంటుకుపోతోందని పక్కన పెట్టేశారు. 1951లో మళ్ళీ ఎదురైతే అప్పుడు దాని విలువ తెలిసింది. 1958లో అంగట్లోకి వచ్చింది. ఇది ఆరి గట్టిపడే జిగురు కాదు, గాలిలోని తేమ తగిలి గట్టిపడుతుంది. అందుకే వానాకాలంలో మన డెల్టాలో ఇట్టే పట్టేస్తుంది, మూత తీసిన ట్యూబు రెండో రోజుకే రాయైపోతుంది. అతుకు చుట్టూ తెల్లటి బూడిదలా మసక కమ్మేదీ ఆ తేమ రోజుల్లోనే ఎక్కువ.

రెండు చోట్ల ఇది పనికిరాదు. థర్మోకోల్‌ని కరిగించేస్తుంది. బకెట్లు చేసే రకం మెత్తని ప్లాస్టిక్‌కి అసలు పట్టుకోదు. అలాంటి భాగాలకి జిగురుని నమ్మకుండా, సన్నటి సూది కాల్చి రెండు వైపులా బెజ్జాలు పెట్టి, నైలాన్ దారంతో కుట్టి బిగించాలి. వీధుల్లో "బకెట్లకి మాట్లేస్తాం" అని అరుస్తూ తిరిగేవాళ్ళు వేడి ఇనుముతో కరిగించి అతికేది ఇందుకే.

బీటకి బెజ్జం

ముందున్న పల్చటి ప్లాస్టిక్ డొప్పకి బీట పడితే దాని కొసన చిన్న గుండ్రటి బెజ్జం పెట్టండి. బీట అక్కడితో ఆగుతుంది. బీట కొస సూదిలా ఉంటుంది కాబట్టి బలమంతా అక్కడ చేరి ముందుకి చీలుస్తూ పోతుంది. గుండ్రటి బెజ్జం ఆ సూదిమొనని మాయం చేస్తుంది. పెద్ద విమానాల రేకుల మీద కూడా తాత్కాలికంగా ఇదే చేస్తారు.

నైలాన్ భాగాన్ని ఉడకబెట్టడం

నమ్మబుద్ధి కాదు గానీ నిజం. రెక్కల్ని పట్టుకునే పిడులు, చిన్న చిన్న కడ్డీల కొసలు చాలావాటిలో నైలాన్‌తో చేస్తారు. నైలాన్ నీటిని పీల్చుకుంటుంది. పొడిగా ఉంటే పెళుసు, తేమ ఉంటే సాగుడు. కొత్తగా పొట్లం విప్పిన నైలాన్ ముక్కని పావుగంటో అరగంటో మరిగే నీళ్ళలో ఉంచితే గుద్దుకున్నప్పుడు విరక్కుండా కాస్త వంగి ఊరుకుంటుంది. బేరింగులు తీసేశాకే వేయాలి. పళ్ళ చక్రాల్ని మాత్రం వేయొద్దు, నీళ్ళు తాగి కాస్త ఉబ్బుతాయి, పళ్ళు పట్టేస్తాయి.

ఒక బియ్యపు గింజ

రెక్క అంచుకి బీట పడకుండా సన్నటి టేపు అంటించడం మామూలే. ఒక రెక్కకి అంటించి రెండోదాన్ని వదిలేస్తే ఏమవుతుందో చూద్దాం. రెక్క కొస నడిమి నుంచి 10 సెంటీమీటర్లు, నిమిషానికి 2,000 చుట్లు. ఆ కొసన ఒక గ్రాము ఉంటే అది బయటికి లాగే బలం దాదాపు 450 గ్రాముల బరువుతో సమానం. బియ్యపు గింజంత తేడా ఉన్నా, అంటే సుమారు 20 మిల్లీగ్రాములు, తొమ్మిది గ్రాముల బలంతో కడ్డీని లాగుతుంది. అదీ సెకనుకి 33 సార్లు, ప్రతిసారీ చుట్టూ అన్ని దిక్కులకీ. తోక వణకడం, తీగల టంకం ఊడిపోవడం, మరలు వదులవడం చాలాసార్లు అక్కడే మొదలవుతాయి. టేపు అంటిస్తే రెండు రెక్కలకీ ఒకే కొలత, ఒకే చోట. తర్వాత బంగారం తూచేంత శ్రద్ధగా సరిచూడాలి.

టంకం దగ్గర తీగ తెగేది కూడా ఈ వణుకుడు వల్లే. మోటారుకి ఒక సెంటీమీటరు ముందే తీగని చిన్న వంపు తిప్పి, ఆ వంపుని గొట్టానికి ఒక బొట్టు వేడి జిగురుతో పట్టించండి. ఊగేది ఆ బొట్టు దాకానే ఊగుతుంది, టంకం దాకా రాదు. నడిమి ఉక్కు కడ్డీ వంగిందేమోనని అనుమానముంటే అద్దం మీద పెట్టి దొర్లించండి. వంకర ఉంటే వెలుతురు సందుల్లోంచి తొంగి చూస్తుంది. వంగినదాన్ని సరిచేయాలని చూడకుండా మార్చేయడమే మంచిది.

గట్టిపరచడం మానేసి కీలు పెట్టినవాడు

తిరిగే రెక్కల విమానం మొదట్లో పక్కకి బోర్లా పడేది. ముందుకి వెళ్ళేటప్పుడు గాలికి ఎదురెళ్ళే రెక్కకి లేవనెత్తే బలం ఎక్కువ, వెనక్కి వచ్చే రెక్కకి తక్కువ. ఇంకెవరైనా అయితే రెక్క మొదలుని ఇంకా మందంగా, ఇంకా గట్టిగా చేసేవారేమో. స్పెయిన్ ఇంజనీరు హువాన్ దె లా సియెర్వా దాన్ని వదులు చేశాడు. రెక్క మొదట్లో కీలు పెట్టి, పైకీ కిందికీ ఊగనిచ్చాడు. 1923 జనవరిలో ఆయన చేసిన ఆ తిరిగే రెక్కల విమానం, ఆటోజైరో, ఎగిరింది. ఈ మాట తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది. తలుపు కీలు లాంటి చిన్న సంగతి!

ఒక్కో రెక్కనీ ఒక్కో మరతో పట్టించిన బొమ్మల్లో ఆ మరని బిర్రుగా బిగించకపోవడం వెనకా ఇదే ఆలోచన. హెలికాప్టరుని పక్కకి వాల్చి పట్టుకుంటే రెక్క తన బరువుకి జారకూడదు, చిన్నగా కుదిపితే జారాలి. అంత బిగువు చాలు. గోడ తగిలితే రెక్క వెనక్కి మడుచుకుంటుంది, విరగదు.

పెద్దది చేస్తే ఎగరలేదు

1878లో రైట్ సోదరులకి వాళ్ళ నాన్న ఒక ఎగిరే బొమ్మ తెచ్చిచ్చాడు. బెండు, వెదురు, కాగితం, తిప్పడానికి రబ్బరు పట్టీ. అది విరిగిపోయేదాకా ఆడుకుని, విరిగాక వాళ్ళే సొంతంగా చేసుకున్నారు. ఇంకా పెద్దవి చేయబోతే సరిగా ఎగరలేదు. కొలతలన్నీ రెట్టింపు చేస్తే బరువు ఎనిమిది రెట్లవుతుంది, కడ్డీ అడ్డుకోత వైశాల్యం నాలుగు రెట్లే అవుతుంది. ఈ లెక్కే తిరగేస్తే అరచేతిలో పట్టే హెలికాప్టరు మిద్దె మీంచి పడ్డా ఎందుకు బతికిపోతుందో తెలుస్తుంది. చీమకి చెట్టు మీంచి పడ్డా ఏమీ కాదు.

ఈ లెక్కని అంగారకుడి దాకా తీసుకెళ్ళిన వాళ్ళలో ముఖ్యుడు జె. బాబ్ బలరామ్. మదనపల్లె దగ్గర రిషీ వ్యాలీ స్కూల్లో చదివి, మద్రాసు ఐఐటీ మీదుగా నాసాకి వెళ్ళిన ఆయన ఇంజెన్యూటీ హెలికాప్టరుకి ముఖ్య ఇంజనీరుగా పనిచేశాడు. అక్కడ భూమ్మీది గాలిలో నూటికి ఒక వంతు సాంద్రత ఉన్న గాలిలో ఎగరాలి కాబట్టి మొత్తం బరువు 1.8 కిలోలకి కుదించారు. కొస నుంచి కొసకి 1.2 మీటర్లుండే రెక్కలు నురుగు గుండె మీద కార్బన్ నార పొదిగినవి. అయిదుసార్లు ఎగిరితే చాలనుకుని పంపితే, 2021 ఏప్రిల్ 19 నుంచి 72 సార్లు ఎగిరింది. 2024 జనవరి 18న చివరిసారి దిగేటప్పుడు గట్టిగా తగిలి రెక్కలు విరిగాయి. ఎక్కడ విరిగాయంటే, కొస నుంచి మూడో వంతు దూరంలో, రెక్కలో అన్నిటికన్నా బలం తక్కువున్న చోట.

ఏది విరగాలి?

ఎంత గట్టిపరిచినా పడ్డ దెబ్బ ఎక్కడో ఒకచోట దిగాలి. ఒకచోట గట్టిపరిస్తే పక్కది విరుగుతుంది. తోక గట్టిపడితే గూడు పగులుతుంది, గూడు గట్టిపడితే నడిమి కడ్డీ వంగుతుంది. వంగిన కడ్డీ ఖరీదు, స్టాండు కాలు చవక. కాబట్టి స్టాండుని కావాలనే బలహీనంగా ఉంచుతాం. ఉక్కు మరలు తీసేసి సన్నటి ప్లాస్టిక్ మరలు వేశాం. ఇదేమీ వింత కాదు, రాయి తగిలితే నాగలి విరక్కుండా వెనక్కి మడుచుకునే స్ప్రింగు కల్టివేటర్‌ని మన రైతులు రోజూ చూస్తున్నదే.

ఇంకో మాట. 250 గ్రాములు దాటని యంత్రాన్ని 2021 డ్రోన్ నియమాలు నానో తరగతిలో పెట్టాయి, ఎగరేయడానికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. కాస్త పెద్ద బొమ్మలైతే గట్టిపరుస్తూ గట్టిపరుస్తూ ఆ గీత దాటకండి. గన్నవరం విమానాశ్రయం చుట్టుపక్కలైతే ముందు డిజిటల్ స్కై మ్యాపు చూసుకోండి.

మొన్న కోతలయ్యాక ఉయ్యూరు దగ్గర మా పెదనాన్నగారి కళ్ళంలో ఎగరేశాం. వామి మీదుగా పోతూ గాలివాటానికి వంగి, బండనేల మీద దబ్బున పడింది. మేనల్లుడు పరుగెత్తాడు. ఒక స్టాండు కాలు ఊడి అవతల పడుంది, రెక్కలు రెండూ వెనక్కి మడుచుకున్నాయి. తోక చేత్తో పట్టుకుని అటూ ఇటూ వంచి చూశాడు. దారం పట్టీ చెక్కు చెదరలేదు. జేబులోంచి ఇంకో స్టాండు తీసి, పంటితో పొట్లం చింపి, అక్కడే గొంతుక్కూర్చుని బిగించుకున్నాడు. బ్యాటరీలో ఇంకా రెండు నిమిషాల ఛార్జి ఉంది.